మాట రావట్లేదా? ముద్ద దిగట్లేదా? వీడియో కాల్‌లో స్పీచ్ థెరపీ

పత్తర్‌గట్టి, చుట్టుపక్కల బస్తీల తల్లిదండ్రులకు సమాచారం

"మగపిల్లాడు కదా, లేటుగా మాట్లాడతాడులే" అని ఊరుకోవద్దు. చిన్న వయసులో మొదలుపెడితేనే థెరపీ బాగా పనిచేస్తుంది.

ఎప్పుడు చూపించాలి?
• ఏడాదికి బ-బ, మ-మ లాంటి శబ్దాలు, చేతి సైగలు లేకపోతే
• ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోతే
• రెండేళ్లకు రెండు మాటలు కలపకపోతే
• వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోతే

ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. వినపడని పిల్లలకు మాట రావడం కష్టం.

ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు అయితే?
రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు. ఇంటి భాష మానొద్దు. థెరపిస్ట్‌కు మీ భాష ముందే చెప్పండి.

వీడియో కాల్‌లో ఏం చేస్తారు?
థెరపిస్ట్ ముఖ్యంగా నేర్పేది మీకే. ఆటలో, అన్నం పెట్టేటప్పుడు పిల్లలతో ఎలా మాట్లాడాలి, బదులు కోసం ఎంతసేపు ఆగాలి అన్నది మిమ్మల్ని చూస్తూ సరిదిద్దుతారు. రోజూ రానుపోను ఆటో ఖర్చు, కూలి నష్టం తగ్గుతాయి. ఫోన్‌ను గోడకు ఆనించి పెట్టండి, టీవీ ఆపండి.

తిండి విషయంలో జాగ్రత్త
బిడ్డను నిటారుగా కూర్చోబెట్టే పెట్టాలి. పడుకోబెట్టి, తల వెనక్కి వంచి పోయవద్దు. తాగేటప్పుడు దగ్గు, పొలమారడం, ముక్కులోంచి పాలు రావడం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ న్యుమోనియా ఉంటే వీడియో కాల్ చాలదు. ముందు ఆసుపత్రిలో నేరుగా చూపించాలి. ఊపిరాడకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఎక్కడ అడగాలి?
• అంగన్‌వాడీ టీచర్ లేదా ఆశా కార్యకర్త: రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచిత పరీక్షలు చేస్తారు. మాట ఆలస్యం, వినికిడి లోపం, గ్రహణం మొర్రి ఇందులో ఉన్నాయి. అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు.
• బస్తీ దవాఖానా: డాక్టర్‌తో రెఫరల్ రాయించుకోండి.
• సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ: 2021లో ఇక్కడ చిన్నపిల్లల సత్వర చికిత్స కేంద్రం మొదలైంది.
• నిరామయ బీమా: ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి ఏడాదికి రూ.1 లక్ష వరకు. థెరపీ ఖర్చూ ఇందులో వస్తుంది.

మొదటిసారి వెళ్లినప్పుడే "తర్వాతి సెషన్లు వీడియో కాల్‌లో కుదురుతాయా?" అని అడగండి. ఆధార్, టీకాల కార్డు, పాత చీటీలు వెంట తీసుకెళ్లండి. పిల్లలు తినేటప్పుడు, మాట్లాడేటప్పుడు తీసిన చిన్న వీడియో చూపిస్తే థెరపిస్ట్‌కు పని తేలికవుతుంది.