లక్షణవాక్యంగా టూల్ వివరణ: ఒక నిఘంటు సాధనం ఆధారంగా పరిశీలన

ఉపోద్ఘాతం

అడిగిన ప్రశ్నకు తనకు తెలిసినంతలో సమాధానం చెప్పి ఊరుకోక, అవసరమైనప్పుడు బయటి సాధనాలను తానే ఎంచుకొని ఉపయోగించుకొనే కృత్రిమ మేధ వ్యవస్థను 'ఏజెంట్' అని, ఆ సాధనాలను 'టూల్స్' అని వ్యవహరిస్తున్నారు. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తన భాషానమూనాలకు ఫంక్షన్ కాలింగ్ సౌకర్యాన్ని కల్పించింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను ప్రకటించింది. రెండింటిలోనూ టూల్‌ను నమూనాకు పరిచయం చేసే పద్ధతి దాదాపు ఒక్కటే: ఒక పేరు, ఒక వివరణ, పంపవలసిన పారామీటర్ల వివరాలు. టూల్ వెనుక ఉన్న ప్రోగ్రాం సాధారణంగా నమూనాకు కనబడదు. ఏ టూల్‌ను పిలవాలో, దానికి ఏమి పంపాలో ఈ కొద్ది వాక్యాలను బట్టే అది నిర్ణయించుకొంటుంది. కనుక ప్రోగ్రాం ఎంత నిర్దుష్టమైనా, వివరణ అస్పష్టమైతే ఫలితం దారి తప్పుతుంది. పైకి ప్రోగ్రామర్ల సమస్యగా కనిపించే ఈ విషయం మూలంలో నిర్వచన రచనకు సంబంధించినది.

లక్షణదోషాలు

తర్కశాస్త్రం లక్షణానికి అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అనే మూడు దోషాలను చెప్పింది. ఆవును కపిలవర్ణం గలదంటే తెల్లావు మిగిలిపోతుంది. కొమ్ములు గలదంటే గేదె కూడా వచ్చి చేరుతుంది. ఒంటిగిట్ట గలదంటే ఏ ఆవుకూ పొసగదు. అన్నంభట్టు దీపికలో కనిపించే ఈ ఉదాహరణలు టూల్ వివరణను పరీక్షించడానికీ పనికివస్తాయి.

ఒక తెలుగుశాఖ తన పరిశోధకుల కోసం ఏజెంట్‌ను సిద్ధం చేసుకొన్నదనుకొందాం. దానికి రెండు టూల్స్ ఉన్నాయి. ఒకటి నిఘంటువులలో వెతికేది, రెండవది కావ్యపాఠాలలో ప్రయోగాలను వెతికేది. మొదటిదానికి 'తెలుగు పదాలను వెతుకుతుంది' అని, రెండవదానికి 'తెలుగు సాహిత్యంలో పదాలను వెతుకుతుంది' అని వివరణలు రాశారు. రెండూ అబద్ధాలు కావు. అయితే 'ఈ పదం ప్రబంధాలలో ఏ అర్థంలో ప్రయుక్తమైంది?' అని విద్యార్థి అడిగితే ఏజెంట్ దేనిని పిలవాలి? మొదటి వివరణ రెండవ టూల్ పనిని కూడా తనలో కలుపుకొంటోంది. ఇది అతివ్యాప్తి. టూల్స్ సంఖ్య పెరిగేకొద్దీ ఈ దోషం ముదురుతుంది. ఏ పనికి వాడాలో చెప్పి ఆగక, ఏ పనికి వాడరాదో, అప్పుడు దేనిని పిలవాలో కూడా చెప్పడమే దీనికి పరిహారం. ఉత్సర్గానికి అపవాదాన్ని జోడించడం వ్యాకరణం చదివినవారికి కొత్త కాదు.

నిఘంటు సాధనం వ్యుత్పత్తిని కూడా ఇస్తున్నా, వివరణలో 'అర్థం' అని మాత్రమే ఉంటే వ్యుత్పత్తి ప్రశ్నలకు ఏజెంట్ దానివైపు చూడకపోవచ్చు. ఇది అవ్యాప్తి. ప్రోగ్రాం మారినా పాత వివరణే మిగిలిపోతే అసంభవం.

పదం అంటే ఏది?

అసలు చిక్కు పారామీటర్ దగ్గర ఉంది. దానికి 'పదం' అని పేరు పెట్టి వదిలేస్తే, నమూనా దృష్టిలో 'నేతిలో' కూడా పదమే. నిఘంటువులోని శీర్షపదం 'నెయ్యి'. ఔపవిభక్తిక రూపాన్ని పంపితే ఫలితం శూన్యం. 'చెరువు' అని పంపినా అంతే కావచ్చు, ఎందుకంటే శబ్దరత్నాకరం వంటి నిఘంటువులలో అది బండిఱతో 'చెఱువు'గా ఉంటుంది. 'ఏటికి' అనే రూపం మరింత ప్రమాదకరం. అది ఏరుకు, సంవత్సరమనే అర్థంలోని ఏడుకు కూడా షష్ఠి కావచ్చు. పద్యంలో 'ఎందుకు' అనే అర్థమూ ఇస్తుంది. ఈ మూడవ అర్థం ఒక్కటే శీర్షపదంగా దొరికితే, నది ఒడ్డున జరిగే సన్నివేశానికి కూడా ఏజెంట్ దానినే అంటగట్టే అవకాశం ఉంది. శూన్యఫలితం కనీసం అనుమానాన్ని రేపుతుంది. తప్పుడు ఫలితం ఆ పనీ చేయదు.

శూన్యఫలితానికి అర్థం

శూన్యఫలితం ఏమి చెబుతోందో వివరణ చెప్పకపోతే, 'ఈ పదం నిఘంటువులలో లేదు' అని ఏజెంట్ ప్రకటించవచ్చు. ఆ మాట సిద్ధాంతగ్రంథంలోకి ఎక్కితే, ఉన్న పదం లేనిదైపోతుంది. లక్షణదోషాల చర్చలో చోటులేని ఈ అంశాన్ని టూల్ వివరణలో ప్రత్యేకంగా చేర్చవలసిందే.

పై విషయాలను దృష్టిలో ఉంచుకొంటే వివరణ ఇలా మారుతుంది: 'ఒక తెలుగు పదాన్ని నిఘంటువుల శీర్షపదాలలో వెతికి అర్థం, వ్యుత్పత్తి ఇస్తుంది. పదాన్ని తెలుగు లిపిలో, ఏకవచన ప్రథమావిభక్తిలో పంపాలి: నేతిలో కాదు, నెయ్యి. ఒక రూపానికి ఒకటికంటె ఎక్కువ ప్రకృతులు సాధ్యమైతే అన్నింటినీ విడివిడిగా వెతకాలి. ర, ఱ భేదం పాటించబడుతుంది. ఒకటి దొరకకపోతే రెండవది ప్రయత్నించాలి. పద్యపాదాలకు, ప్రయోగాలకు కావ్యపాఠాల టూల్‌ను వాడాలి. ఫలితం లేకపోతే ఆ రూపం శీర్షపదంగా లేదని మాత్రమే అర్థం. పదమే లేదని కాదు.'

ఇది తొలి వివరణకు ఎన్నో రెట్లు పెద్దది. వివరణలు నమూనా చదివే పాఠంలో చోటు తీసుకొంటాయి కనుక, చాలా నమూనాలలో తెలుగు లిపి ఇంగ్లీషుకంటె ఎక్కువ టోకెన్లను ఖర్చు చేస్తుంది కనుక, నిడివిపై అభ్యంతరం రావచ్చు. అవసరమైతే వివరణను ఇంగ్లీషులో రాయవచ్చు గాని, 'నేతిలో, నెయ్యి' వంటి ఉదాహరణలను మాత్రం తెలుగు లిపిలోనే ఉంచడం మేలు. లిప్యంతరీకరణ చేస్తే ఏ రూపం పంపాలన్న సందేహం మళ్లీ మొదటికి వస్తుంది. పొదుపు చేయదలిస్తే, టూల్ లోపల ఏ డేటాబేస్ ఉంది, ఎవరు నిర్మించారు వంటి సమాచారాన్ని తొలగించాలి. ఎంపికకు అది తోడ్పడదు. ఆ తరువాత 'ఏటికి' ఉన్న ఒక వాక్యాన్ని ఏజెంట్‌కు ఇచ్చి, అది టూల్‌కు ఏ రూపాలను పంపిందో చూస్తే వివరణలో ఇంకా ఏమి మిగిలిందో తెలుస్తుంది.