సూది చిన్నదే, జాగ్రత్త పెద్దది

జ్వరం వచ్చినా, నడుము నొప్పి వచ్చినా ఒక సూది వేయించుకుంటే గాని మనవారిలో చాలామందికి తృప్తి ఉండదు. కొలకలూరు నుండి తెనాలి నర్సింగ్ హోములకు వెళ్ళినా అదే అడుగుతారు. అయితే అజాగ్రత్తగా వేసిన సూది జబ్బును తగ్గించడానికి బదులు కొత్త జబ్బును అంటించగలదు. 2009లో గుజరాత్‌లోని మోడాసా ప్రాంతంలో వాడిన సిరంజిలనే మళ్ళీ వాడినందువలన హెపటైటిస్ బి వ్యాపించి అనేకమంది మరణించారు.

సూది మార్చి, పాత సిరంజితోనే ఇంకొకరికి మందు ఇవ్వడం కూడా ప్రమాదమే. కంటికి కనబడనంత రక్తం సిరంజిలోనికి వెనుకకు రావచ్చును. హెపటైటిస్ బి వైరస్ శరీరం వెలుపల కనీసం 7 రోజులు బ్రతికి ఉండగలదు. కనుక ఒక సూది, ఒక సిరంజి ఒక్కరికి, ఒక్కసారికే. పలువురికి వాడే మందు సీసాలోనికి ప్రతిసారీ కొత్త సూది, కొత్త సిరంజి వెళ్ళాలి. సీసా మూతకు సూది గుచ్చి వదిలివేయరాదు. వాడిన సూదికి తిరిగి మూత పెట్టకుండా వెంటనే గట్టి డబ్బాలో వేయాలి.

ఈ జబ్బుకు టీకా ఉంది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దీనిని మన దేశంలోనే తయారుచేసి విడుదల చేయడంతో ధర బాగా తగ్గింది. నర్సులతో పాటు ఆయాలు, వార్డు బాయ్‌లు కూడా 3 మోతాదులు పూర్తిగా వేయించుకోవాలి.

మందు ఇచ్చే ముందు సరిచూడవలసినవి ఐదు: రోగి, మందు, మోతాదు, ఇచ్చే మార్గం, సమయం. ఒకే వార్డులో ఇద్దరు మరియమ్మలు ఉండవచ్చును. అందుచేత "మీరు మరియమ్మ గారేనా?" అని కాక, "మీ పూర్తి పేరు చెప్పండమ్మా" అని అడగాలి. చిన్న గాజు మందు గొట్టాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. పొటాషియం క్లోరైడును సెలైనులో కలపకుండా సూటిగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోగలదు. అందుకే దానిని మిగిలిన మందులతో కలపక విడిగా ఉంచాలి, చీటీ చదివిన తరువాతే పగులగొట్టాలి.

రోగి దగ్గర ఉండే బంధువులకూ బాధ్యత ఉంది. "సిస్టర్ గారూ, చేతులు కడుక్కున్నారా? కొత్త సిరంజేనా? ఇది ఏ మందు?" అని మర్యాదగా అడగండి. ఏ మందు పడదో ముందే చెప్పండి. ఇంట్లో వాడే మాత్రలు, పాత చీటీలు వెంట తీసుకురండి. మాత్రతో తగ్గే జబ్బుకు సూది కోసం పట్టుబట్టకండి. అడిగినందుకు మంచి నర్సు నొచ్చుకోదు. సిరంజి కవరును మీ ఎదుటనే చించి చూపుతుంది.