రెండు వేళ్ల స్వరసాధన

వాద్యసంగీతంలో స్వరం మనస్సులో పుడుతుంది, చేతిలో రూపుదిద్దుకుంటుంది. వైణికునికైనా, వయొలిన్ విద్వాంసునికైనా వేళ్లే సర్వస్వం. ఆ వేళ్లకే ప్రమాదం వాటిల్లితే కళాకారుని గతి ఏమిటి? ఈ ప్రశ్నను పద్దెనిమిదేళ్ల ప్రాయంలోనే ఎదుర్కొని, తన జీవితంతోనే దానికి సమాధానం చెప్పినవాడు జాంగో రైన్‌హార్ట్. ఇరవయ్యో శతాబ్దపు పూర్వార్ధంలో ఐరోపాలోని జాజ్ సంగీతానికి ఒక విశిష్ట రూపాన్ని కల్పించిన గిటారు విద్వాంసుడు, స్వరకర్త ఆయన. కాలిన చేతితో ఆయన గిటారు వాయించాడన్న మాట లోకవిదితమే. ఆ చేతితో ఎలా వాయించాడు, ఎటువంటి కాలంలో వాయించాడు అన్నవి అంతకన్న తెలుసుకోదగిన విషయాలు.

జాంగో 1910 జనవరి 23న బెల్జియం దేశంలోని లిబెర్షీ అనే గ్రామంలో జన్మించాడు. ఆయన అసలు పేరు జాన్ రైన్‌హార్ట్. జాంగో అన్నది ముద్దుపేరు. రోమా భాషలో దానికి ‘మేలుకొన్నాను’ అని అర్థం చెబుతారు. ఆయన తల్లిదండ్రులు లోకం ‘జిప్సీలు’ అని పిలిచే రోమా జాతివారు. గుర్రాలు లాగే గూడుబండ్లే వారి ఇళ్లు. ఊరూరా తిరుగుతూ, సంగీతంతోనూ చేతిపనులతోనూ పొట్ట పోసుకోవడం వారి జీవనవిధానం. ఈ జాతివారి పూర్వులు సుమారు వెయ్యేళ్ల క్రితం వాయవ్య భారతదేశం నుంచి పడమటికి వలస వెళ్లారని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించారు. నేటికీ వారు నీటిని ‘పానీ’ అనీ, ముక్కును ‘నాక్’ అనీ అంటారు. ఫ్రాన్సు దేశంలో తిరుగాడే జాంగో శాఖవారిని ‘మనూష్’లు అంటారు. మన ‘మనుష్యుడు’ అన్న మాటకు ఈ పేరు తోబుట్టువు. తమను తాము మనుషులమని మాత్రమే చెప్పుకొన్న ఆ జనాన్ని ఐరోపా సమాజం చాలాకాలం మనుషులుగా చూడలేదన్నది చరిత్ర చెప్పే చేదు నిజం.

జాంగో బాల్యంలోనే ఆయన కుటుంబం పారిస్ నగరపు పొలిమేరల్లోని గుడారాల వాడకు చేరింది. ఆయన బడికి పోలేదు. చదవడం, రాయడం అలవడలేదు. అయితే పన్నెండేళ్ల వయస్సులో చేతికి వచ్చిన బాంజో వాద్యం ఆయనకు పాఠశాల అయింది. పెద్దల వేళ్ల కదలికలను కళ్లతో పట్టుకొని, విన్న పాటను వెంటనే పలికించేవాడు. కొద్దికాలంలోనే శ్రామికవాడల నృత్యశాలలలో అకార్డియన్ విద్వాంసులకు సహకార వాద్యం వాయించసాగాడు. 1928లో తొలిసారిగా గ్రామఫోను రికార్డులకు వాయించాడు. తన పేరు ఎలా రాయాలో తానే చెప్పలేని ఆ యువకుని పేరు ఆ రికార్డుల మీద తప్పుగా అచ్చయింది. అయినా ఆయన ప్రతిభ సముద్రం దాటింది. జాక్ హిల్టన్ అనే ఆంగ్ల వాద్యబృంద నాయకుడు స్వయంగా వచ్చి విని, తన బృందంలో చేరమని ఆహ్వానించాడు.

ఆ అదృష్టం అందినట్లే అంది చేజారిపోయింది. 1928 చివరలో ఒక రాత్రి జాంగో వాద్య ప్రదర్శన ముగించుకొని గూడుబండికి తిరిగివచ్చాడు. అమ్మకం కోసం ఆయన భార్య సెల్యులాయిడ్‌తో చేసిన కృత్రిమ పుష్పాలు బండి నిండా ఉన్నాయి. సెల్యులాయిడ్‌కు నిప్పు తగిలితే ఆరదు. కొవ్వొత్తి మంట ఆ పూలకు అంటుకొని క్షణాలలో బండి అగ్నిగుండమైంది. భార్యాభర్తలు ప్రాణాలతో బయటపడ్డారు గాని, జాంగో కుడికాలు, ఎడమచేయి తీవ్రంగా కాలిపోయాయి. కాలు తీసివేయాలని వైద్యులు నిర్ణయించారు. ఆయన అంగీకరించలేదు. కాలు క్రమంగా నయమైంది. ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు మాత్రం ముడుచుకొని బిగుసుకుపోయాయి.

ఈ నష్టం ఎంతటిదో తెలియాలంటే గిటారు వాదన విధానం కొంత తెలియాలి. గిటారుకు ఆరు తీగెలు. కుడిచేతిలోని చిన్న బిళ్లతో తీగెను మీటుతారు. ఎడమచేతి వేళ్లతో వాద్యపు మెడ మీద ఉన్న మెట్లపై తీగెను నొక్కి స్వరస్థానాలను నిర్ణయిస్తారు. సాధారణంగా వాద్యకారుడు చేతిని ఒక్కచోట నిలిపి, నాలుగు వేళ్లను నాలుగు మెట్లపై ఉంచి, ఒక తీగె నుంచి మరొక తీగెకు అడ్డంగా సాగుతాడు. అందువల్ల చేయి ఎక్కువ దూరం కదలనక్కరలేదు. జాంగోకు మిగిలినవి చూపుడు వేలు, నడిమి వేలు మాత్రమే. పాత పద్ధతి ఆయనకు ఇక పనికిరాదు.

తమ్ముడు జోసెఫ్ ఒక గిటారు తెచ్చి ఇచ్చాడు. మంచం పట్టిన అన్నకు అదే తోడయింది. సుమారు పద్దెనిమిది నెలల పాటు జాంగో తన చేతికి మళ్లీ ఓనమాలు నేర్పుకొన్నాడు. తీగెలకు అడ్డంగా సాగలేని రెండు వేళ్లను తీగెల వెంట నిలువుగా పరుగెత్తించాడు. ఒకే తీగె మీద కింది మెట్టు నుంచి పై మెట్టుకు మెరుపులా పాకే సుదీర్ఘ స్వరమాలికలు, జారుడు ప్రయోగాలు ఆ విధంగా పుట్టాయి. అనేక స్వరాలను ఒకేసారి పలికించవలసి వచ్చినప్పుడు, వంగిన ఆ రెండు వేళ్లను చివరి తీగెలపై కొక్కెంలా ఆనించాడు. బొటనవేలితో మంద్రపు తీగెలను అదిమాడు. నాలుగు వేళ్లున్నవారికి అవసరం లేని దారి ఆయనకు అవసరమైంది. ఆ అవసరమే క్రమంగా శైలిగా మారింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అగ్నిప్రమాదం జాంగోను కళాకారుణ్ణి చేయలేదు. అప్పటికే ఆయన పేరుపొందిన వాద్యకారుడు. ప్రమాదం తీసుకొన్నదే గాని ఇచ్చినదేమీ లేదు. ఆయనను నిలిపినవి బాల్యం నుంచి చేసిన సాధన, సూక్ష్మమైన శ్రవణశక్తి, సోదరుని ఆదరణ, పద్దెనిమిది నెలల ఓర్పు. కష్టం దానంతట అది ఎవరినీ గొప్పవారిని చేయదు. కష్టంలో చేసిన పని చేస్తుంది.

కోలుకొన్న తరువాత జాంగో దక్షిణ ఫ్రాన్సుకు వెళ్లాడు. అక్కడ 1931లో తూలోన్ పట్టణంలో ఎమిల్ సావిత్రీ అనే చిత్రకారుడు ఆయనకు అమెరికా నుంచి వచ్చిన జాజ్ రికార్డులు వినిపించాడు. జాజ్ అనేది ఇరవయ్యో శతాబ్దారంభంలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో నల్లజాతి ప్రజలు సృష్టించిన సంగీతం. ఒక పాటను ఆధారంగా తీసుకొని, వాద్యకారుడు అప్పటికప్పుడు తన ఊహతో దానిని పెంచుకొంటూ పోవడం దాని ప్రాణం. మన సంగీత పరిభాషలో దీనిని మనోధర్మం అనవచ్చు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాకా నాదం విని జాంగో చలించిపోయాడని సమకాలికులు చెప్పారు. బానిసత్వాన్ని అనుభవించిన ఒక జాతి సృష్టించిన సంగీతం, ఊరి వెలుపల బతికిన మరొక జాతి బిడ్డకు మార్గదర్శకమైంది.

పారిస్‌లో ఆయనకు స్టెఫాన్ గ్రాపెల్లి అనే వయొలిన్ విద్వాంసునితో స్నేహం కలిసింది. ఇద్దరూ ఒకే హోటలులోని వాద్యబృందంలో పనిచేస్తూ, విరామ సమయంలో తెర వెనుక సరదాగా కలిసి వాయించుకొనేవారు. ఆ సరదాయే 1934లో ‘హాట్ క్లబ్ ఆఫ్ ఫ్రాన్స్’ పంచవాద్య బృందంగా రూపొందింది. మూడు గిటార్లు, ఒక వయొలిన్, ఒక నిలువెత్తు బాస్ వాద్యం - ఇవే అందులోని వాద్యాలు. డ్రమ్ములు లేవు, బాకాలు లేవు. కేవలం తీగెలతోనే జాజ్ పలికించడం ఆనాటికి కొత్త. జోసెఫ్‌తో పాటు మరొకరు గిటార్ల మీద లయను దరువులా కొడుతుంటే, ఆ లయ మీద జాంగో గిటారు, గ్రాపెల్లి వయొలిన్ ఒకదానికొకటి బదులు చెప్పుకొనేవి. అమెరికాలో పుట్టిన జాజ్‌కు ఐరోపా తన కంఠంతో ఇచ్చిన తొలి సమాధానం ఈ బృందమేనని విమర్శకులు భావిస్తారు.

జాంగో గొప్ప స్వరకర్త కూడా. ‘జాంగాలజీ’, 1937లో రికార్డు చేసిన ‘మైనర్ స్వింగ్’ మొదలైన ఆయన రచనలను నేటికీ గిటారు విద్యార్థులు సాధన చేస్తున్నారు. ఆయనకు స్వరలిపి తెలియదు. మనస్సులో మెదిలిన వాద్యగోష్ఠిని గిటారు మీద వినిపిస్తూ ఉంటే తోటి వాద్యకారులు రాసిపెట్టేవారు. అక్షరాలు రాకపోవడం వేరు, జ్ఞానం లేకపోవడం వేరు అని ఆయన జీవితం తెలుపుతుంది.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు బృందం లండన్‌లో ఉంది. గ్రాపెల్లి అక్కడే ఉండిపోయాడు. జాంగో ఫ్రాన్సుకు తిరిగివచ్చాడు. 1940లో నాజీ సేనలు పారిస్‌ను ఆక్రమించాయి. నాజీల సిద్ధాంతం ప్రకారం జాజ్ పతనమైన సంగీతం; రోమాలు బతకదగని జాతి. ఐరోపా అంతటా కనీసం రెండున్నర లక్షల మంది రోమాలను నాజీలు, వారి అనుచరులు చంపారని చరిత్రకారుల అంచనా. ఆ సంఖ్య ఐదు లక్షల వరకు ఉండవచ్చని కూడా అంటారు. ఫ్రాన్సులోనే, జర్మన్లు రాకముందే, 1940 ఏప్రిల్‌లో సంచార జాతుల రాకపోకలను ప్రభుత్వం నిషేధించింది. తరువాత వేలాదిమంది రోమాలను శిబిరాలలో బంధించారు. యుద్ధం ముగిసిన తరువాత కూడా, 1946 వరకు, వారిలో కొందరికి విడుదల లభించలేదు. తమ దేశానికి ఇందులో బాధ్యత ఉందని ఫ్రాన్సు అధ్యక్షుడు బహిరంగంగా అంగీకరించింది 2016లో.

ఆ చీకటి రోజులలోనే, 1940లో, జాంగో ‘న్యువాజ్’ అనే రచనను రికార్డు చేశాడు. ఆ మాటకు ‘మేఘాలు’ అని అర్థం. గ్రాపెల్లి లేని లోటును క్లారినెట్ వాద్యంతో పూరించాడు. మెల్లగా కిందికి జారే ఆ స్వరాలలో నినాదం లేదు, ఆగ్రహం లేదు. ఒక దిగులు, ఒక నిరీక్షణ మాత్రమే ఉన్నాయి. పరపాలనలో మగ్గుతున్న పారిస్ ప్రజలు దానిని తమ మనస్సులోని మాటగా భావించారు. విచిత్రమేమంటే, జాజ్‌ను నిందించిన ప్రభుత్వపు సైనికాధికారులలో కొందరు పారిస్ క్లబ్బులలో కూర్చొని జాంగో సంగీతాన్ని ఆస్వాదించారు. కీర్తి ఆయనకు కొంత రక్షణ ఇచ్చింది. ఆయన జాతికి ఆ రక్షణ లేదు. 1943లో ఆయన స్విట్జర్లాండ్ సరిహద్దు దాటడానికి ప్రయత్నించి విఫలుడయ్యాడు. రక్షణ కవచం ఎంత పలుచనిదో ఆయనకు తెలియనిది కాదు.

యుద్ధానంతరం, 1946లో, సుప్రసిద్ధ స్వరకర్త డ్యూక్ ఎలింగ్టన్ బృందంతో జాంగో అమెరికాలో పర్యటించాడు. న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో రెండు రాత్రులు వాయించవలసి ఉండగా, రెండో రాత్రి ఎంతో ఆలస్యంగా చేరాడు. కాలనియమం ఆయనకు ఎన్నడూ అలవడలేదు. దీనివల్ల సహచరులు ఎన్నో ఇబ్బందులు పడ్డారు. మహాకళాకారులలోనూ లోపాలుంటాయి, వాటిని దాచడం జీవితచరిత్ర ధర్మం కాదు. ఆశించినంత ఆదరణ దొరకక ఆయన ఫ్రాన్సుకు తిరిగివచ్చాడు. అయినా అభ్యాసం మానలేదు. కొత్తగా వచ్చిన విద్యుత్ గిటారును చేపట్టి, అప్పటి యువతరం జాజ్ పోకడలను తన సంగీతంలో ఇముడ్చుకొన్నాడు.

1951లో సెన్ నదీతీరంలోని సామ్వా గ్రామంలో స్థిరపడి, చేపలు పడుతూ, చిత్రాలు గీస్తూ కాలం గడిపాడు. 1953 మే 16న మెదడులో రక్తస్రావం కారణంగా, నలభై మూడేళ్ల వయస్సులో మరణించాడు. సామ్వాలోనే ఆయన సమాధి ఉంది. తరువాతి కాలంలో అక్కడ ఆయన పేరిట సంగీతోత్సవాలు ప్రారంభమయ్యాయి. గూడుబండ్ల వాడలలో పుట్టిన ఆ వాదన శైలిని మనూష్ కుటుంబాలు తరతరాలుగా బిడ్డలకు నేర్పుతున్నాయి.

ఆయన ప్రభావం జాజ్‌కే పరిమితం కాలేదు. 1965లో ఇంగ్లండులోని ఒక కర్మాగారంలో టోనీ అయోమీ అనే యువకుడు ప్రమాదవశాత్తు రెండు వేళ్ల కొనలను పోగొట్టుకొన్నాడు. ఇక గిటారు వాయించలేనని నిరాశ చెందాడు. కర్మాగారంలోని పర్యవేక్షకుడు ఒకరు జాంగో రికార్డును తెచ్చి వినిపించి, ఆ వాయించినది రెండు వేళ్లేనని చెప్పాడు. అయోమీ మళ్లీ గిటారు పట్టి, ‘బ్లాక్ సబ్బాత్’ అనే ప్రసిద్ధ రాక్ బృందాన్ని నిర్మించినవారిలో ఒకడయ్యాడు.

జాంగో రైన్‌హార్ట్ తన చేతిని పూర్వస్థితికి తెచ్చుకోలేదు, తెచ్చుకోలేడు కూడా. లేనిదానికోసం కాలం వ్యర్థం చేయక, ఉన్నది ఎంతవరకు వెళ్లగలదో వెదికాడు. ఆ వెదకులాటలో దొరికిన దారి, ఈనాడు పది వేళ్లూ ఉన్న వేలాది విద్యార్థులు కష్టపడి నేర్చుకొనే విద్యగా నిలిచింది.