తూము దగ్గర కోడింగ్ పాఠం

మా మహమ్మద్ నగర్‌లో నేను పాఠం చెప్పే గదిలో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. కరెంటు పోతే అదీ లేనట్టే. 2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ అంది, సరే. దేంతో నేర్పాలి?

న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ యూనివర్సిటీ వాళ్లు కంప్యూటరే లేకుండా ఆటలతో నేర్పే ‘అన్‌ప్లగ్డ్’ పద్ధతి తెచ్చారు. నేనూ సుద్దముక్కతో నిజాంసాగర్ కాలువ గీశాను. ‘మడి నిండేదాకా తూము తెరిచి ఉంచు, నిండితే మూసెయ్’ అని రాయించాను. లూప్ అంటే అదే.

చివరి బెంచీ అమ్మాయి లేచింది. వాళ్ల పొలం కాలువ చివర.

‘సార్, నీళ్లే రాకుంటే మడి ఎన్నటికీ నిండదు గదా? తూము అట్లనే ఉంటదా?’

ఆగని లూప్! ఇంజినీరింగ్ పిల్లలూ బోల్తాపడే చోటు.

‘మరి ఏం రాద్దాం?’ అన్నాను.

‘పొద్దుగూకినా మూసెయ్ అని రాయుండ్రి సార్.’