పాదం కింద ప్రయోగశాల!

బూట్ల దుకాణంలో అడుగుపెడితే చాలు... ఒక జత వెయ్యి రూపాయలు, పక్కదే ఇరవై వేలు. రెండూ పరుగు కోసమే! 'ఇందులో జెల్ ఉంది సార్', 'ఇది ఎయిర్ మేడమ్', 'దీంట్లో కార్బన్ ప్లేటు' అంటూ సేల్స్‌మన్ ఏకరువు పెడతాడు. పక్క అరలో చెమటను మాయం చేస్తాయనే టీషర్టులు. మోకాళ్లు పాడవకూడదని నాన్న, బరువు తగ్గాలని అమ్మ, స్కూలు పోటీల్లో గెలవాలని అబ్బాయి... అందరి ఆశా అక్కడే. ఇంతకీ ఆ బూట్లలో ఏముంది? అందులో శాస్త్రమెంత? ప్రచారమెంత?

1960 సెప్టెంబరు 10. రోమ్ ఒలింపిక్స్ మారథాన్. ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా ఉత్తి కాళ్లతో పరుగెత్తాడు. 42.195 కిలోమీటర్లను 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో పూర్తిచేసి స్వర్ణం గెలిచాడు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో బూట్లు వేసుకుని మళ్లీ గెలిచాడు. ఈసారి సమయం 2 గంటల 12 నిమిషాలు.

2019 అక్టోబరు 12. వియన్నా. కెన్యాకు చెందిన ఎలియుడ్ కిప్‌చోగె అదే దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తాడు. విడతలవారీగా మారుతూ తోడు పరుగెత్తినవాళ్లున్నారు కాబట్టి అది అధికారిక రికార్డు కాలేదు. కానీ ప్రపంచమంతా ఆయన కాళ్లవైపే చూసింది. కారణం... అప్పటికి మార్కెట్లోకి రాని నమూనా బూట్లు!

ఉత్తి పాదాలకూ ఆ బూట్లకూ మధ్య అరవై ఏళ్ల శాస్త్రం ఉంది.

అడుగుకు నూటయాభై కిలోలు!

నడిచేటప్పుడు ఏదో ఒక పాదం నేలమీదే ఉంటుంది. పరుగులో అలా కాదు. ప్రతి అడుగుకీ శరీరం మొత్తం గాల్లోకి లేచి ఒక్క కాలిమీద దిగుతుంది. ఆ క్షణంలో పాదంమీద పడే భారం శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్లు. అంటే అరవై కిలోల మనిషికి దాదాపు నూటయాభై కిలోలు. కిలోమీటరుకు సుమారు వెయ్యి అడుగులు వేస్తాం. ఆ లెక్కన రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తే మనిషి కాళ్లు మోసే భారం ఎంతో ఊహించుకోవచ్చు.

బూటులో ప్రధానంగా మూడు భాగాలుంటాయి. పాదాన్ని పట్టి ఉంచే పైభాగం 'అప్పర్'. నేలకు రాసుకునే అడుగు రబ్బరు 'అవుట్‌సోల్'. ఈ రెండింటి మధ్య ఇడ్లీలా మెత్తగా ఉండే పొర 'మిడ్‌సోల్'. యాభై ఏళ్లుగా కంపెనీల పోటీ అంతా ఈ నడిమి పొర చుట్టూనే.

పెనం మీద పుట్టిన సోల్

అమెరికాలోని ఒరెగాన్‌లో బిల్ బోవర్‌మన్ అనే పరుగు కోచ్ ఉండేవాడు. నైకీ వ్యవస్థాపకుల్లో ఒకడు. 1970ల మొదట్లో ఆయనకు ఇంట్లో వాఫిల్ అట్లు పోసే గళ్ల పెనం కంటపడింది. ఆ గళ్లు సోల్ కింద ఉంటే నేలను గట్టిగా పట్టుకుంటాయి కదా అనిపించింది. అంతే, రబ్బరులాంటి యురేథేన్ ద్రావకాన్ని అందులో పోసేశాడు. ఇంటావిడ పెనం పాడైంది కానీ ప్రసిద్ధమైన 'వాఫిల్' సోల్‌కు నాంది పడింది.

అదే దశాబ్దంలో ఈవీఏ అనే ప్లాస్టిక్ నురుగు బూట్లలోకి వచ్చింది. తేలిక, మెత్తన, చవక. ఇప్పటికీ మామూలు బూట్లలో ఎక్కువగా ఉండేది ఇదే. ఆ తర్వాత ఫ్రాంక్ రూడీ అనే అంతరిక్ష రంగ ఇంజినీరు ఆలోచనతో నైకీ సోల్‌లో గాలి సంచులు పెట్టింది. 1986లో జపాన్ కంపెనీ ఏసిక్స్ జెల్ తెచ్చింది. 2013లో అడిడాస్ థర్మోకోల్ పూసల్లాంటి గుళికలను అతికించి 'బూస్ట్' అంది.

ఈ కథలో మన ఊరి పేరూ ఉంది. తిరుపతి జిల్లా తడ దగ్గర మాంబట్టులోని అపాచీ కర్మాగారంలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. అక్కడ పనిచేసే వేలమందిలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడపడుచులే.

అసలు మర్మం నురుగులోనే

మట్టి ముద్దను కిందపడేస్తే అక్కడే అతుక్కుపోతుంది. రబ్బరు బంతి మళ్లీ లేస్తుంది. మిడ్‌సోల్ నురుగుకూ ఇదే పరీక్ష. అడుగు వేసినప్పుడు నొక్కుకుపోయిన నురుగు, తీసుకున్న శక్తిలో ఎంత తిరిగి ఇస్తుందన్నదే లెక్క. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని కొలిచారు. నూరు పాళ్ల శక్తిలో వాళ్లు పరీక్షించిన ఈవీఏ సోల్ తిరిగి ఇచ్చింది సుమారు 65. బూస్ట్ రకం 76. 2017లో నైకీ తెచ్చిన వేపర్‌ఫ్లైలోని పీబా అనే కొత్త నురుగు ఏకంగా 87!

ఫలితంగా, అదే వేగంతో పరుగెత్తడానికి శరీరం ఖర్చుచేసే శక్తి సగటున నాలుగు శాతం తగ్గింది. పరిశోధనకు డబ్బిచ్చింది నైకీయే కాబట్టి అనుమానించినవాళ్లూ ఉన్నారు. తర్వాత ఇతర ప్రయోగశాలలు చేసిన పరీక్షల్లోనూ లాభం కనిపించడంతో వాళ్లు ఊరుకోక తప్పలేదు.

మరి కార్బన్ ప్లేటు? అది స్ప్రింగులా మనిషిని ముందుకు విసురుతుందని చాలామంది నమ్మకం. ఆ సంగతేమిటో తేల్చడానికి పరిశోధకులు వేపర్‌ఫ్లై బూట్లను తీసుకుని లోపలి ప్లేటును రంపంతో ఆరుచోట్ల కోసేశారు. ఆ బూట్లతో పరుగు తీయించి చూస్తే... ఆదా అయ్యే శక్తిలో పెద్ద తేడా లేదు! ప్లేటు వేళ్ల దగ్గర బూటు అతిగా వంగకుండా చూస్తుంది, మెత్తటి నురుగుకు దన్నుగా ఉంటుంది. ఘనతలో పెద్దవాటా మాత్రం నురుగుదే.

బరువు సంగతీ తక్కువేం కాదు. ఒక్కో బూటు వంద గ్రాములు బరువెక్కితే శక్తి ఖర్చు ఒక శాతం పెరుగుతుంది. అందుకే గ్రాము గ్రాముకీ పోటీ. 2023లో బెర్లిన్‌లో ఇథియోపియా మహిళ టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్ల ప్రపంచ రికార్డు సృష్టించినప్పుడు వేసుకున్న అడిడాస్ బూటు బరువు 138 గ్రాములు. ధర 500 డాలర్లు. దాన్ని తయారుచేసింది ఒకే ఒక్క మారథాన్ కోసం!

నలభై దాటితే నిషేధం

ఇలా అయితే గెలిచేది మనిషా, బూటా? ఈ ప్రశ్న ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య దాకా వెళ్లింది. 2020 జనవరిలో నిబంధనలొచ్చాయి. రోడ్డు పరుగుల్లో సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు. లోపల ఒక్క ప్లేటే ఉండాలి. ట్రాక్ మీద పరిమితి ఇంకా తక్కువ. 2024 నవంబరు నుంచి అక్కడ అన్ని పరుగులకూ 20 మిల్లీమీటర్లే.

అది కాగితం మీది మాట అనుకుంటే పొరపాటే. 2021 వియన్నా మారథాన్‌లో ఇథియోపియా యువకుడు డెరారా హురిసా అందరికంటే ముందు గీత దాటాడు. కాసేపటికే తూచ్ అన్నారు. అతని సోల్ 50 మిల్లీమీటర్లుంది. సెంటీమీటరు తేడాతో గెలుపు చేజారింది!

అసలు బాధ వేరే ఉంది. కాలి కింద ఇరవై వేల రూపాయల బూటు ఉన్నవాడికీ, అరిగిపోయిన కాన్వాసు బూటు ఉన్నవాడికీ గీత ఒక్కటే. జిల్లా స్థాయి పోటీల్లో సెకన్ల తేడాతో వెనకబడే పేద పిల్లలకు ఆ నాలుగు శాతం చిన్న విషయం కాదు. ధర మీద మాత్రం ఏ సమాఖ్యా పరిమితి పెట్టలేదు.

మనకు పనికొస్తాయా?

పార్కులో ఉదయం పూట గంటకు పది కిలోమీటర్ల వేగంతో పరుగెత్తేవారికి ఆ నాలుగు శాతం దక్కుతుందా? 2023లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆ వేగం దగ్గర సగటు లాభం ఒక్క శాతం లోపే. కొందరికి నష్టం కూడా. అదే ఏడాది కెన్యా మేటి రన్నర్ల మీద చేసిన మరో అధ్యయనంలో ఒకరికి 11 శాతం లాభమొస్తే ఇంకొకరికి 11 శాతం నష్టమొచ్చింది. అంటే... అందరికీ సరిపోయే అద్భుత బూటు లేదన్నమాట.

ఇంకో పాత నమ్మకం... పాదం లోపలికి వాలితే ఒక రకం బూటు, చదును పాదమైతే ఇంకో రకం కొనాలని. దుకాణాల్లో తడి పాదం ముద్ర చూసి మరీ చెప్పేవారు. అమెరికా సైన్యంలో వేలమందికి ఇలా పాదం ఆకారాన్నిబట్టి బూట్లిచ్చి చూస్తే గాయాలు తగ్గలేదు. దశాబ్దాలుగా పరుగు మీద పరిశోధన చేసిన కెనడా ప్రొఫెసర్ బెన్నో నిగ్ చెప్పే సూత్రం చాలా తేలిక... వేసుకోగానే పాదానికి ఏది హాయిగా ఉంటే అదే సరైన బూటు!

బూట్లే వద్దనే ఉద్యమమూ ఒకటొచ్చింది. 2009 తర్వాత ఉత్తి కాళ్ల పరుగు మోజు ప్రపంచాన్ని ఊపేసింది. వేళ్ల బూట్లు తయారుచేసే విబ్రమ్, తమ ఆరోగ్య ప్రకటనలపై దాఖలైన కేసులో 2014లో 37.5 లక్షల డాలర్లు కట్టి రాజీ పడింది. చిన్నప్పట్నుంచీ చెప్పుల్లేకుండా తిరిగిన పాదం వేరు, నలభై ఏళ్లు బూట్లకు అలవాటుపడ్డ పాదం వేరు. ఒక్కరోజులో మారిస్తే పిక్కలూ, పాదం ఎముకలూ ఊరుకోవు.

చెమట ఎటు పోతుంది?

ఇక బట్టల సంగతి. దూది నీటిని ప్రేమిస్తుంది. నూలు బనీను చెమటను తాగేసి, తడి తువ్వాలులా ఒంటికి అతుక్కుంటుంది. బరువెక్కుతుంది. చంకల్లో, తొడల దగ్గర ఒరుసుకుంటుంది. పాలిస్టర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది తన బరువులో అరశాతం తేమను కూడా పీల్చుకోదు. మరి చెమటను ఎలా లాగుతుంది?

దీపంలో వత్తి నూనెను పైకి లాక్కున్నట్లే! సన్నని పోగుల మధ్య సందుల్లోంచి చెమట చర్మం దగ్గర్నుంచి బట్ట పైకి ఎగబాకుతుంది. అక్కడ పలచగా పరుచుకుని త్వరగా ఆరిపోతుంది. 'డ్రై' అన్న పేరుతో అమ్మే ప్రతి టీషర్టు వెనకా ఉన్నది ఈ సూత్రమే. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 580 కిలో క్యాలరీల వేడి బయటికి పోతుంది. అన్నట్టు, కారిపోయే చెమట చల్లబరచదు, ఆరిపోయే చెమటే చల్లబరుస్తుంది.

ఇక్కడే ఓ చిక్కుంది. మట్టికుండలో నీళ్లు ఎండాకాలంలో చల్లగా ఉంటాయి, వానాకాలంలో అంతగా ఉండవు. గాల్లో తేమ ఎక్కువైతే నీరు ఆవిరికాదు. ఒళ్లయినా అంతే. విశాఖ బీచ్ రోడ్డులోనో, ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లోనో ఎంత ఖరీదైన టీషర్టు వేసుకున్నా చెమట ఓ పట్టాన ఆరదు. ఆరోజు వేగం తగ్గించి, నీళ్లు తాగడమే తెలివి.

పాలిస్టర్‌తో ఇంకో తంటా... వాసన. చెమట కంపుకు కారణమయ్యే కొన్ని రకాల బ్యాక్టీరియా నూలు మీదకన్నా దీనిమీద బాగా పెరుగుతాయి. పరుగు కాగానే ఉతికేయాలి. మెత్తదనం కోసం వాడే ఫ్యాబ్రిక్ కండిషనర్ పోగుల మీద పొరలా పేరుకుని వత్తి గుణాన్ని చెడగొడుతుంది. కాబట్టి దానికి దూరం!

కాళ్లను బిగించి పట్టే కంప్రెషన్ దుస్తులు వేగం పెంచుతాయన్నదానికి గట్టి ఆధారాల్లేవు. పరుగు తర్వాత కండరాల నొప్పి కాస్త తగ్గుతుందని మాత్రం కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి.

ఆమె కోసం...

పరుగు దుస్తుల్లో అతిముఖ్యమైన ఆవిష్కరణ ఏదంటే చాలామందికి తట్టదు. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో లీసా లిండాల్ అనే యువతి పరుగెత్తేటప్పుడు మామూలు లోదుస్తులతో పడే ఇబ్బంది భరించలేకపోయింది. నాటకాలకు దుస్తులు రూపొందించే పాలీ స్మిత్, హిండా మిల్లర్ ఆమెకు తోడయ్యారు. మగ ఆటగాళ్ల లోదుస్తులు రెండింటిని కలిపి కుట్టి చూశారు. అదే తొలి స్పోర్ట్స్ బ్రా! లక్షలాది మహిళలు నొప్పీ సంకోచం లేకుండా పరుగెత్తగలిగారంటే ఆ కుట్టే కారణం. 2022లో ఈ ముగ్గురికీ అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో చోటు దక్కింది. ఇంట్లో అమ్మాయి ఆటల్లో చేరితే బూట్లతోపాటు కొనాల్సింది ఇదే.

కొనేముందు...

* బూట్లు సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, పరుగులోనూ అలాగే ఉబ్బుతాయి.
* పొడవాటి వేలికీ బూటు కొసకూ మధ్య బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి.
* పరుగుకు వేసుకునే మేజోళ్లతోనే వెళ్లండి. తడిసిన నూలు మేజోళ్లు బొబ్బలు తెస్తాయి. సింథటిక్‌వి మేలు.
* రెండు కాళ్లకూ వేసుకుని దుకాణంలోనే నాలుగడుగులు పరుగెత్తి చూడండి. 'వాడుతుంటే సర్దుకుంటుంది' అంటే నమ్మకండి.
* బూటు ఆయుష్షు సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లు. వారానికి 30 కిలోమీటర్లు పరుగెత్తితే నాలుగు నుంచి ఆరు నెలలు. పైకి కొత్తగా కనిపించినా లోపలి నురుగు చచ్చిపోతుంది.
* వీలైతే రెండు జతలు మార్చి మార్చి వాడండి. లగ్జెంబర్గ్‌లో జరిగిన అధ్యయనంలో అలా చేసినవారికి గాయాల ముప్పు 39 శాతం తక్కువగా కనిపించింది.
* కొత్త రకం బూటుకు మారితే మొదట కొద్ది దూరమే. నొప్పి వారం దాటితే బూటును కాదు, డాక్టరును మార్గం అడగండి.

ఇంతకీ ఇరవై వేల జతా, రెండు వేల జతా? పోటీల్లో సెకన్ల కోసం పోరాడేవారికి మొదటిది. ఆరోగ్యం కోసం పరుగెత్తేవారికి పాదానికి నప్పే రెండోది చాలు. మిగిలిన డబ్బుతో ఇంకో జత కొనుక్కుంటే మోకాళ్లకూ మేలే. ఏది కొన్నా ఒక్క మాట... ఉదయం ఐదింటికి అలారం మోగగానే మనిషిని లేపి వీధిలో నిలబెట్టే టెక్నాలజీని మాత్రం ఇంతవరకూ ఏ కంపెనీ కనిపెట్టలేదు!