జాజికాయ, దాని చుట్టాలు

జాజికాయ చెట్టు మిరిస్టికేసీ అనే కుటుంబానికి చెందినది. ఇందులో సుమారు 20 ప్రజాతులు, 500 జాతులు ఉన్నాయి. దాదాపు అన్నీ ఉష్ణమండలపు తడి అడవుల్లో ఏడాది పొడుగునా పచ్చగా ఉండే చెట్లే, పొదలు తక్కువ. ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండాల్లో ఈ కుటుంబం విస్తరించింది. అయినా ప్రపంచమంతటి వంటిళ్లకూ చేరింది ఒక్క జాతే. అది ఇండోనేషియాలోని బాందా దీవులకు చెందిన మిరిస్టికా ఫ్రాగ్రన్స్.

బెరడుకు గాటు పెడితే ఎర్రటి రసం కారుతుంది. అడవిలో ఈ కుటుంబాన్ని గుర్తుపట్టేందుకు ఇది మంచి ఆనవాలు. కొమ్మలు కాండం చుట్టూ అంతస్తులుగా, నేలకు సమాంతరంగా చాచుకుంటాయి. ఆకులను నలిపితే సువాసన వస్తుంది. పూలు చిన్నవి, సాధారణంగా మూడు తమ్మెలతో ఉంటాయి. మగ పూలలో కేసరాలన్నీ కలిసి ఒకే స్తంభంలా నిలబడతాయి. చాలా జాతుల్లో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు.

ఈ కుటుంబపు అసలు అందం పండులో ఉంది. పసుపు రంగు పండు పక్వానికి రాగానే రెండు చెక్కలుగా విచ్చుకుంటుంది. లోపల నిగనిగలాడే ముదురు రంగు గింజ, దాన్ని అల్లుకుని రక్తవర్ణపు వల. ఆ వల ఎండితే జాపత్రి; గింజ పెంకు పగలగొడితే వచ్చే పప్పు జాజికాయ. చెట్టు ఆ వలను పెంచేది మనిషి కోసం కాదు, పక్షుల కోసం. ఆసియాలో పెద్ద అడవి పావురాలు, ధనేశ పక్షులు, అమెరికాలో టూకాన్‌లు ఈ కుటుంబపు గింజలను వలతో సహా మింగి, వలను అరిగించుకుని గింజను దూరంగా వదిలేస్తాయి. తడి ఆరితే గింజ చచ్చిపోతుంది. అందుకే కిరాణా కొట్టులో కొన్న జాజికాయను నాటితే మొలవదు.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల బయట నేలలో ఈ చెట్టు కనిపించకపోవడానికి కారణం తడి చాలకపోవడమే. జాజికాయకు ఏటా 1,500 మిల్లీమీటర్లకు పైగా వాన, గాలిలో ఎడతెగని తేమ, లేత మొక్కకు నీడ కావాలి. ఇక్కడ వెయ్యి మిల్లీమీటర్ల లోపు వాన, ఎర్ర చెలక నేలలు, నలభై డిగ్రీలు దాటే ఎండలు. పెద్దచెరువు నిండిన ఏడాది కూడా ఆ తేమ రాదు. అయితే దాని దూరపు చుట్టం ఒకటి ఈ గుట్టల్లో ఎవరూ నీళ్లు పోయకుండానే బతుకుతుంది. అదే సీతాఫలం. సీతాఫలం, సంపెంగ, జాజికాయ వేర్వేరు కుటుంబాలవైనా మూడూ మాగ్నోలియేలిస్ అనే ఒకే క్రమంలోవి. సీతాఫలం గింజను నిలువుగా కోసి చూస్తే తెల్లని పప్పులోకి గోధుమ రంగు మడతలు చొచ్చుకుని ఉంటాయి. జాజికాయను కోసినప్పుడు కనిపించే చారలూ అలాంటివే.

చెట్టు రాకపోయినా కాయ మాత్రం తెలుగు నేలకు ఎప్పుడో చేరింది. దాని వ్యాపారంలో తెలుగు నేతగాళ్ల పాత్ర మన చరిత్రలో చెప్పుకోవలసినంతగా చెప్పుకోలేదు. డచ్చివారు 1605లో మచిలీపట్నం చేరినప్పుడు ఈ ప్రాంతమంతా గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడిలో ఉంది. ఇబ్రహీంపట్నానికి దగ్గరలోని హయత్‌నగర్ మీదుగానే రాజధాని నుంచి బందరు బాట సాగేది. తూర్పు దీవుల వాళ్లకు కావలసింది కోరమాండల్ తీరపు బట్ట. అది లేనిదే మొలక్కస్ దీవుల్లో బేరం సాగదని డచ్చి అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లో రాశాడు. బట్ట ఇచ్చి జాజికాయ, జాపత్రి, లవంగం తెచ్చుకునేవారు.

ఈ బేరం బాందా ప్రజలకు మరణశాసనమైంది. గుత్తాధిపత్యం కోసం 1621లో డచ్చి గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌సూన్ కూన్ ఆ దీవులపై దాడి చేశాడు. సుమారు 15,000 మంది జనాభాలో అత్యధికులు హతులయ్యారు, ఆకలికి చనిపోయారు, లేదా బానిసలుగా తరలిపోయారు. 1667 బ్రేడా సంధిలో రన్ అనే చిన్న జాజికాయ దీవి డచ్చివారికి, న్యూయార్క్ ఇంగ్లీషువారికి ఖాయమయ్యాయి. 1770 ప్రాంతంలో ఫ్రెంచి అధికారి పియర్ పువావ్‌ర్ జాజికాయ మొక్కలను మారిషస్‌కు తెప్పించాడు. ఆ తర్వాత ఇంగ్లీషువారు పెనాంగ్ తదితర చోట్లకు చేర్చారు. నేడు గ్రెనడా జాతీయ జెండాపైనే జాజికాయ ఉంది.

మిగతా చుట్టాలకు ఇంత పేరు లేదు. అమెజాన్ ప్రాంతపు విరోలా గింజల కొవ్వుతో సబ్బులు, కొవ్వొత్తులు చేస్తారు. మన పడమటి కనుమల్లో రాంపత్రినిచ్చే మిరిస్టికా మలబారికా పెరుగుతుంది. దాని వలకు వాసన అంతగా ఉండదు, అసలు జాపత్రిలో కల్తీకి వాడతారు. అక్కడే, కేరళ, ఉత్తర కన్నడ లోయల్లో, మిరిస్టికా చిత్తడి అడవులున్నాయి. ఊపిరాడని బురదలో నిలబడ్డ ఆ చెట్ల వేర్లు గాలి కోసం మోకాళ్లలా వంగి పైకి లేస్తాయి. చాలావరకు వరి పొలాలుగా, తోటలుగా మారిపోగా మిగిలినవి చిన్న చిన్న ముక్కలే. వాటిని పోగొట్టుకుంటే మళ్లీ పెంచుకోలేం.

తెలుగు నాట ఈ చెట్టుకు అనువైన చోటు కోనసీమ. కొబ్బరి నీడలో దీన్ని అంతరపంటగా వేసే రైతులున్నారు. గింజ మొక్క ఆడదో మగదో పూత వచ్చేదాకా, అంటే ఆరేడేళ్లు తెలియదు. తోటలో సగం మగవి కావచ్చు. ఆడ చెట్టు నుంచి కట్టిన అంటుమొక్కలతో ఈ చిక్కు తీరుతుంది. పరాగానికి పది ఆడ చెట్లకు ఒక మగ చెట్టు చాలు.

జాజికాయ వాసనలో పాలుపంచుకునే మిరిస్టిసిన్ మోతాదు మించితే విషం. బిర్యానీలో, తాంబూలంలో చిటికెడు పొడికి భయం లేదు. ఐదు గ్రాములు, అంటే దాదాపు ఒక కాయ పొడి తింటే నోరెండడం, వాంతులు, గుండెదడ, భ్రమలు కలగవచ్చు. పసిపిల్లలు నిద్రపోవాలని సానరాయి మీద అరగదీసి నాకించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఆ చిన్న శరీరానికి ఎంత ఎక్కువో చేత్తో అంచనా కట్టలేం కనుక, వైద్యుణ్ణి అడగకుండా ఆ పని చేయకండి.