మేకుల తాతయ్య

దివిసీమలోని మా చిన్న పట్టణములో ఇనుప సామానుల కొట్టు నడిపిన మన సంఘ సభ్యులు, అందరి తాతయ్య, ప్రభువునందు నిద్రించి వచ్చే నెలకు ఏడాది అవుతుంది. ఆయనకు పేరు లేక కాదు గాని, బ్యాంకు వారు తప్ప ఆ పేరుతో పిలిచినవారిని మేమెరుగము. పెద్దలకు ఆయన కొట్టు అన్నగారు, సండే స్కూలు పిల్లలకు మేకుల తాతయ్య.

ఆ కొట్టు ఎంతో పెద్దది కాదు. పారలు, గునపములు, కొడవళ్ళు, నూతి గిలకలు, కొబ్బరి తాళ్ళు, తలుపు బందులు, గొళ్ళెములు, గోనె సంచులలో అంగుళాల వారీగా మేకులు. క్రొత్త పార కోసం వెళ్ళిన రైతును, "నీ పాత పార ఏమైంది?" అని అడిగేవారు. కామ విరిగిందంటే కామ మాత్రమే అమ్మేవారు. వ్యాపారము తెలియని మనిషి అని బజారులో నవ్వుకొన్నవారూ ఉన్నారు.

1956 నాటి తూనికల చట్టముతో వీశెలు పోయి కిలోలు వచ్చినా, ముసలి రైతులు చాలా కాలము వీశెలలోనే అడిగేవారు. తాతయ్య విసుక్కొనక వీశెకు కిలో నాలుగు వందల గ్రాములు తూచి ఇచ్చేవారు. ముల్లు సరిగా నిలిచే వరకు త్రాసు మీద నుండి చూపు త్రిప్పేవారు కాదు. ఆదివారము కొట్టు తెరిచేవారు కాదు గాని, నూతి గిలక విరిగిందని ఎవరైనా ఇంటికి వస్తే పెరటి తలుపు తీసి గిలక ఇచ్చి, డబ్బు సోమవారము తెమ్మనేవారు. దీనిని తప్పు పట్టిన సంఘ పెద్దలతో లూకా సువార్తలోని నూతిలో పడిన ఎద్దు సంగతి చెప్పి నవ్వేవారు.

1977 నవంబరు 19, శనివారము. ఆనాటి తుపాను, ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది చనిపోయారు. సముద్రము ప్రక్క పల్లెలలో గుంటలు త్రవ్వటానికి పారలు చాలలేదు. తాతయ్య కొట్టులోని పారలు, గునపములు, తాళ్ళు అన్నీ బండికెత్తించి పంపారు. వాటికి ఆయన వెల కట్టలేదు. ఇండ్లు కట్టుకొనేవారికి మాత్రము మేకులు పాత ధరకే అమ్మారు. సరుకు అయిపోయాక తిరిగి కొనటానికి చేతిలో డబ్బు లేక, చాలా నెలలు సగము ఖాళీ కొట్టులో కూర్చున్నారు.

మన మందిరపు కప్పు ఎగిరిపోయింది కూడా అప్పుడే. రేకులు, హుక్కులు, బోల్టులు ఆయన దగ్గరే అరువుకు తెచ్చి కప్పు వేశాము. తరువాత కమిటీ మారింది, పాదిరిగారు బదిలీ అయ్యారు, ఆ సంగతి అందరమూ మరచిపోయాము. మందిరానికి స్లాబు వేసినప్పుడు ఆ రేకులే సండే స్కూలు గది మీదికి వెళ్ళాయి.

భూస్థాపన అయిన నెల రోజులకు అమ్మగారు కొట్టు సర్దటానికి సాయము కావాలంటే మేము నలుగురము వెళ్ళాము. పాత ఖాతా పుస్తకములో ప్రతి పేజీ మీద అడ్డగీత, "చెల్లు" అనే మాట. ఒక్క పేజీ మీద లేదు. పైన "మన మందిరము" అని ఉంది. బాకీ 1,846 రూపాయలు. ఇన్ని సంవత్సరములూ ఆయన ప్రతి ఆదివారము మా ప్రక్క బెంచీ మీదనే కూర్చున్నారు. ఒక్క మాట అడగలేదు.

కమిటీలో ఒకరు, "కానుకగా ఇచ్చారనుకుందాము" అన్నారు. తాతయ్య దగ్గర కుర్రతనములో పని నేర్చుకొన్న వడ్రంగి సోదరుడు లేచాడు. "కానుక అయితే కానుక అనే వ్రాసేవారండీ. ఆయన వ్రాసింది బాకీ" అన్నాడు. ఎవరమూ మాట్లాడలేకపోయాము.

ఆ సామానుకు నేటి ధర కట్టించి, ఆ మొత్తము కవరులో పెట్టుకొని వెళ్ళాము. అమ్మగారు కళ్ళజోడు పెట్టుకొని లెక్కపెట్టారు. 1,846 రూపాయలు విడిగా తీసుకొని, మిగిలినది మా వైపు జరిపారు. "మీ తాతగారి లెక్క ఇంతే నాయనా" అన్నారు. వడ్డీ అనుకోమ్మా అని బ్రతిమాలాము. వినలేదు. పుస్తకము తెప్పించి, వణికే చేతితో ఆ పేజీ మీద అడ్డగీత గీసి, చెల్లు అని వ్రాసి, మాకు కాఫీ కలపటానికి లేచారు.

మిగిలిన డబ్బు ఇంకా కోశాధికారి గారి దగ్గరే ఉంది. సండే స్కూలు గది మీది రేకులు రెండు చోట్ల కారుతున్నాయి. వచ్చే కమిటీలో మాట్లాడుకోవాలి.